మాస్టారి నీడకు వైద్యం

ఉదయం ఏడున్నర. ఎండ వచ్చింది, వేడి ఇంకా రాలేదు.

మాస్టారు వంటగది గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఆయన నీడ ఆగలేదు. గుమ్మం దాటి లోపలికొచ్చి, బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుంది.

“ఉండు, ఆయన వస్తారు,” అంది ఆయన భార్య నీడతో. పొయ్యి తగ్గించి వెళ్లి, మాస్టారి మోచెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఆయన ముందుకి తూలి, తమాయించుకుని, లోపలికొచ్చి పడ్డారు.

“పెళ్లిలో నీ చెయ్యి నేను పట్టుకున్నాను. అసలుకి వడ్డీ కలిపి ఇప్పుడు నువ్వు పట్టుకుంటున్నావ్,” అన్నారు.

“టీ చల్లారిపోతుంది. తాగండి.”

ఆయన నీడ మీదే కూర్చున్నారు. అది సర్దుకుంది.

పార్కిన్సన్స్ మొదట కుడిచేతి వేళ్లలోకి వచ్చింది. తర్వాత అడుగు చిన్నదైంది. ఆ తర్వాత గుమ్మాలు వచ్చాయి. ఖాళీ నేల మీద మాస్టారు బాగానే నడుస్తారు. గుమ్మం కనపడితే చాలు, అరికాళ్లకి మేకులు దిగినట్టు నిలబడిపోతారు. మనిషి వెళ్దామంటాడు, కాళ్లు మేం రాం అంటాయి. ఈ తగువు రోజూ చూసి చూసి నీడకి విసుగొచ్చింది. ఒకరోజు ఆయన్ని అక్కడే వదిలేసి తన దారిన తాను వెళ్లిపోయింది. అప్పట్నుంచి అంతే.

ఇంట్లో అలవాటైపోయింది. వీధికీ అలవాటైంది. నీడ వెళ్లి దుకాణం ముందు నిలబడితే పాలాయన, ఇటువైపు వచ్చేవాళ్ల చేతికి ప్యాకెట్టు ఇచ్చి పంపేవాడు. పక్కింటావిడ మాత్రం గోడ మీదుగా నిష్ఠూరం ఆడింది.

“మీవారి నీడ నా ఎదురుగానే పోయింది వదినా. పలకరింపు లేదు, పాడూ లేదు.”

“మనిషి బాగున్నప్పుడు మాత్రం పలకరించారా ఏంటి?”

మాస్టారంటే బడి మాస్టారు కాదు. కటింగ్ మాస్టారు. స్కూలు యూనిఫాంలు కుట్టే షాపులో బట్ట కత్తిరించే బల్ల ఆయనది. సుద్దతో గీత గీస్తే, ఆ గీత మీద కత్తెర నీళ్లలో పడవలా పోయేది. కాజాలు కుట్టే పని ఆమెది. ఇంట్లోనే కూర్చుని కుట్టేది. ఇద్దరి పనికీ ఆ బల్లే ఆధారం.

షాపు యజమాని నెలాఖరు దాకా చూస్తానన్నాడు. అలా అనడానికి ఇంటికే వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“నీడ రోజూ టైముకి వస్తోంది చెల్లెమ్మా, కాదనను. బల్ల దగ్గర నిలబడుతోంది. కానీ నీడ నిలబడితే బట్ట తెగదు కదా. మాస్టారు తనంతట తాను గుమ్మం దాటి వచ్చి కత్తెర పట్టుకుంటే బల్ల ఆయనదే. లేకపోతే మా బావమరిది ఉన్నాడు.”

ఆ బావమరిది నెల క్రితం ఒక చొక్కాకి రెండు ఎడమ చేతులు కత్తిరించాడు. యజమాని దానికి కూడా సర్దిచెప్పాడు. నేర్చుకుంటాడట. ఎవరి చేతులు వంకరగా పుట్టాలో మరి, అనుకుందామె.

అయస్కాంతం ఆసుపత్రి సంగతి కూతురు తెచ్చింది. కొరియర్ ఆఫీసులో పని తనది. ఊళ్లో ఏ తలుపు వెనక ఏముందో తనకి తెలుసు.

“తల మీద అయస్కాంతం పెడతారట అమ్మా. ఆపరేషన్ కాదు. కూర్చుంటే చాలట.”

“కూర్చోవడం వచ్చు నాకు,” అన్నారు మాస్టారు.

ఆ కేంద్రం రోడ్డు పక్కన ఉంది. నిండా అద్దాలు. నడక రానివాళ్ల కోసం కట్టిన ఆ చోటుకి మెట్లు పెట్టారు. మెట్ల పైన ఒక గాజు తలుపు, దాని వెనక ఇంకో గాజు తలుపు, మిషను ఉన్న గదికి మూడోది. ప్రతి తలుపు కిందా నేల మీద మెరిసే ఉక్కు పట్టీ. ఇదంతా గీసినవాడికి కాళ్లు బాగానే ఉండి ఉంటాయి. తలే అనుమానం.

డైరెక్టరు మొదటిరోజు మెట్ల కిందికే వచ్చి మాట్లాడాడు. అదొక్కటే రోజు. తెల్లకోటు ఇస్త్రీ ఎంత గట్టిగా ఉందంటే, ఆయన బయటికి వచ్చేసినా అది అక్కడే నిలబడి మాట్లాడేలా ఉంది.

“కోత లేదు, కుట్టు లేదు, సూది లేదు. పుర్రె బయటినుంచే మెదడుని తడతాం. మందగించిన చోటు చురుగ్గా అవుతుంది. అంతే.”

“కోతా కుట్టూ లేకుండా పనైపోతుందంటే మా షాపులో ఎవరూ నమ్మరండీ,” అన్నారు మాస్టారు.

డైరెక్టరు నవ్వలేదు. చేతిలో ఉన్న పలక లాంటి తెర చూసి, దానికేసి నవ్వాడు.

మిషను నడిపే అమ్మాయి మాత్రం ఆమెని పక్కకి పిలిచింది.

“కొందరికి నడక కొంచెం తేలికవుతుందమ్మా. కొందరికి ఏమీ అవదు. ముందే చెప్పలేం. మాత్రలు మాత్రం మాన్పించొద్దు.”

ఆ మాట ఆమెకి నచ్చింది. ఆ భవనంలో ఆమెకి నచ్చింది అదొక్కటే.

వైద్యం మర్నాడు మొదలైంది. ఆమే కూతురూ చెరో రెక్కా పట్టుకుని మెట్లెక్కించారు. మొదటి గాజు తలుపు తెరుచుకుంది. మాస్టారు ఉక్కు పట్టీ చూశారు. ఆగిపోయారు.

నీడ ఆగలేదు. మొదటి తలుపు దాటింది, రెండోది దాటింది, మూడోది కూడా దాటి, వాలుకుర్చీలో వెనక్కి చేరగిలబడింది.

“గుంజమ్మా,” అంది కూతురు.

ఆమె గుంజబోయింది. గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇక్కడ పేషెంట్లని గుంజకూడదట. పడితే వాళ్ల పేరు పోతుందట.

అద్దాల్లోంచి గది అంతా కనిపిస్తోంది, తలుపులు తెరిచే ఉన్నాయి కాబట్టి వినిపిస్తోంది కూడా. డైరెక్టరు తెర వైపు తిరిగి కూర్చున్నాడు. కుర్చీ ఆయన వీపు వెనక ఉంది.

“పేషెంటు కూర్చున్నారా?”

“నీడ కూర్చుంది సార్. ఆయన బయట ఉన్నారు,” అంది అమ్మాయి.

“కూర్చుంది కదా. మొదలుపెట్టు.”

“ఏమండీ!” అని ఆమె గుమ్మంలోంచి అరిచింది. “మనిషి ఇక్కడున్నారండీ!”

“పేషెంటు వెంట వచ్చినవాళ్లు బయటే ఉండాలమ్మా,” అన్నాడు డైరెక్టరు. తల తిప్పలేదు.

అమ్మాయి ఒక్కసారి వాళ్లవైపు చూసింది. తర్వాత మిషను చెయ్యి కిందికి దించింది. దాని చివర రెండు పెద్ద గాజులు పక్కపక్కన అతికించినట్టు ఒక బిళ్ల ఉంది. నీడ తల మీద ఆనించింది. టక్ టక్ టక్ టక్ మని మొదలైంది, ఎండుకొమ్మని పిట్ట పొడిచినట్టు. ప్రతి టక్కుకీ నీడ అంచులు చిన్నగా అదిరాయి.

మాస్టారు గుమ్మంలో నిలబడి ఆసక్తిగా చూశారు.

“నొప్పిగా ఉందేమో పాపం,” అన్నారు.

ఆమె ఆరోజు గొడవ పెట్టుకోలేదు. నీడకి కబుర్లు అప్పజెప్పడం ఆ ఇంటికి అలవాటు. పాల కబురు మోసుకెళ్లేది వైద్యం మోసుకురాదా అనుకుంది. కూతురూ అదే అనుకుంది. ఆ ఇంట్లోవాళ్లు తప్ప ఇంకెవరూ అలా అనుకోరు. ఆసుపత్రివాళ్లు అసలేమీ అనుకోలేదు.

రోజూ అంతే. మాస్టారు గుమ్మంలో, నీడ కుర్చీలో. అయ్యాక డైరెక్టరు పరీక్షలు చేసేవాడు. వేళ్లు తెరిచి మూయమనేవాడు. నీడ తెరిచి మూసేది. చెయ్యి చాచమనేవాడు. చాచేది. నీడ చెయ్యి ఏనాడూ వణకలేదు.

“అద్భుతం!” అని తెరకి చెప్పేవాడు. “వణుకు పూర్తిగా పోయింది.”

బయట మాస్టారి చేతిలో కాగితపు కప్పులో నీళ్లు ఒలికిపోతూ ఉండేవి.

“దెబ్బలు దానికి, మాత్రలు నాకు. ఇద్దరికీ చెరిసగం,” అనేవారు ఆయన. నవ్వించడానికే. మొదట్లో కూతురు నవ్వేది. నెల చివరికొచ్చేసరికి మానేసింది.

ఒకరోజు ఆమె డైరెక్టరుని వరండాలో పట్టుకుంది.

“ఆ మిషను గుమ్మం దాకా తీసుకురావడం కుదరదాండీ? ఆయన లోపలికి రాలేరు. రాలేకపోవడమే కదా ఆయన జబ్బు.”

“మిషను పేషెంటు దగ్గరికి రాదమ్మా. పేషెంటే మిషను దగ్గరికి రావాలి.”

“పోనీ ఒక్కసారి చెయ్యి పట్టి లోపలికి లాగనివ్వండి.”

“ఎందుకు? రోజూ వస్తున్నారు కదా. మంచి ఫలితాలు.”

“వస్తున్నది ఆయన నీడండీ.”

“మీరు డాక్టరా అమ్మా?”

“కాదు. ఆయన భార్యని.”

“అదీ,” అన్నాడు డైరెక్టరు. ఏదో రుజువైపోయినట్టు కోటు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆయన నీడ ఆయన వెంటే వెళ్లింది. దానికి వేరే దిక్కు లేదు మరి.

ఇంట్లో మాత్రం ఏదో మారింది. మాస్టారిలో కాదు. నీడలో.

ఇదివరకు గుమ్మం రాగానే దూకి వెళ్లిపోయేది. ఇప్పుడు అవతలికెళ్లి ఆగుతోంది. వెనక్కి తిరిగి చూస్తోంది. ఒకరోజు ఆమె గిన్నెలు పట్టుకుని వస్తుంటే వంటగది గుమ్మానికి అడ్డంగా, సన్నగా, పొడుగ్గా పడుకుని ఉంది.

“ఇదేం తీరు? లే, అడ్డం,” అని కసిరింది.

నీడ లేచి పక్కకి తప్పుకుంది. చిన్నబుచ్చుకున్నట్టే ఉంది. ఆమె పట్టించుకోలేదు. నెల అయిపోవస్తోంది. ఒడిలో కాజాలు తగ్గిపోతున్నాయి.

వైద్యంలో ఆఖరి రోజు మబ్బు పట్టింది. అదే నెలలోనూ ఆఖరి రోజు. డైరెక్టరు ముందే ఫోన్ చేయించాడు. బయటినుంచి పెద్దవాళ్లు వస్తున్నారట, బాగుపడిన పేషెంటుని చూపించాలట, పదకొండింటికల్లా ఉండాలట.

“బాగుపడిందెవరు?” అంది కూతురు.

“వెళ్దాం,” అంది ఆమె. “పెద్దవాళ్లంటున్నారు కదా. వాళ్లలో ఒక్కరికైనా కళ్లుంటాయేమో. ఆ ఒక్కరి ఎదుట అడుగుతాను, మనిషి తల మీద పెట్టమని.”

బస్సు రోడ్డుకి ఇవతల దింపింది. అవతల మెట్ల మీద డైరెక్టరు, ఆయన పక్కన కోట్లు వేసుకున్న నలుగురైదుగురు, ఒక కెమెరా. సిగ్నల్ పడింది. ముగ్గురూ రోడ్డు దిగారు. నీడ మబ్బుకి పల్చబడి ఉంది, కడిగిన సిరా మరకలాగా. అయినా ముందే నడిచింది.

డైరెక్టరు దాన్ని దూరం నుంచే గుర్తుపట్టాడు.

“రండి రండి! వీరేనండీ. నడక చూడండి. ఎక్కడైనా తడబాటు ఉందా?”

నీడ మెట్లెక్కింది. పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకాయన దానికి చెయ్యి కూడా అందించాడు.

రోడ్డు మధ్యలో కొత్తగా తారు వేసిన చోట ఒక అంచు ఉంది. వేలెడు ఎత్తు కూడా లేదు. మాస్టారు దాన్ని చూశారు.

ఆగిపోయారు.

“ఏమండీ. ఇక్కడ కాదు. ఏమండీ!”

“తెలుసు,” అన్నారు. ముఖం నిండా చెమట. “కాళ్లకి తెలీదు.”

ఆమె గుంజింది. ఆయన తూలారు, కాళ్లు కదల్లేదు. ఇంకా గుంజితే బోర్లా పడతారు. సిగ్నల్ మారింది. వాహనాలు కదిలాయి. కూతురు వాటికి ఎదురుగా వెళ్లి రెండు చేతులూ చాచి నిలబడింది.

“ఆగండి! కనపడట్లేదా? ఆగండి!”

బైకులు పక్కల నుంచి దూసుకుపోయాయి. ఒకడు తిట్టాడు. కూతురి చెప్పు ఒకటి తెగి ఎటో ఎగిరిపోయింది. దూరంగా వాలు దిగుతూ ఒక బస్సు వస్తోంది. హారన్ వేస్తోంది, వేగం మాత్రం తగ్గించడం లేదు.

“పిల్లని తీసుకుని వెళ్లిపో,” అన్నారు మాస్టారు.

“నోరు ముయ్యండి,” అంది ఆమె. పెళ్లయ్యాక ఆ మాట ఆయన్ని అనడం అదే మొదలు.

మెట్ల మీంచి డైరెక్టరు గొంతు వినిపించింది.

“అమ్మా, రోడ్డు మీద గొడవ చెయ్యకండి! అతిథులున్నారు!”

అప్పుడు నీడ, అందించిన చేతిని అలాగే గాలిలో వదిలేసి, మెట్లు దిగింది. పరుగెత్తి వచ్చింది. మాస్టారి బూట్ల ముందు, తారు అంచు మీద అడ్డంగా పడుకుంది. సన్నగా, తిన్నగా, ఈ చివర నుంచి ఆ చివరకి.

మాస్టారు కిందికి చూశారు. ఆయన భుజాలు దిగాయి. బల్ల ముందు నిలబడినప్పుడు దిగేవి అలాగే.

కుడికాలు లేచింది. నీడ మీదుగా దాటింది. ఎడమకాలు దాటింది.

నీడ జారి వచ్చి మళ్లీ ముందు పడుకుంది. ఆయన మళ్లీ దాటారు. అది మళ్లీ పడుకుంది. ఆమె చెయ్యి వదిలేసింది. పట్టుకోవాల్సిన పని లేకపోయింది.

“తల్లీ, రా!” అని అరిచింది. కూతురు ఒంటి చెప్పుతో పరుగెత్తుకొచ్చింది. ముగ్గురూ కాలిబాట ఎక్కారు. వెనకే బస్సు గాలి కొడుతూ వెళ్లిపోయింది. నీడ కాళ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. టైరు వాటి మీద నుంచి పోయింది.

“సుద్దగీతలా పడుకుంది,” అన్నారు మాస్టారు, ఆయాసపడుతూ. “గీత ఉంటే పోగలను నేను. అన్నేళ్లూ పోయాను కదా.”

మిషను అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నిజమేనమ్మా. నేల మీద గీత కనపడితే కొందరికి కాలు లేస్తుంది. ఇక్కడ మొదటిరోజే చెప్పాల్సిన మాట అది.”

ఎందుకు చెప్పలేదో ఆమె అడగలేదు. సుద్దముక్కకి తెర ఉండదు, టక్ టక్ ఉండదు, పెద్దవాళ్లు వచ్చి చప్పట్లు కొట్టరు.

అమ్మాయి డైరెక్టరు వైపు తిరిగింది. “సార్, ఈయన తలకి ఒక్కసారి కూడా పెట్టలేదు. ఇవాళ లోపలికి రాగలరు. మొదటినుంచి మొదలుపెడదాం.”

డైరెక్టరు మాస్టారిని పైనుంచి కిందిదాకా చూశాడు. ఆయన్ని సరిగ్గా చూడటం అదే మొదలు. వణికే చెయ్యి చూసి కొంచెం నొచ్చుకున్నాడు, ఎవరో తన గోడ మీద మరక వేసినట్టు.

“ఈయన కోర్సు అయిపోయింది. బాగుపడ్డారు.” కెమెరా వైపు తిరిగాడు. “నీడని ఇలా రమ్మనండి, ఒక ఫోటో.”

నీడ వెళ్లలేదు. మాస్టారి కాళ్ల దగ్గరే ఉంది.

“మీరు అక్కడే నిలబడండి. కోటు బాగుంది, దాన్ని తీయించుకోండి,” అంది ఆమె. తర్వాత అమ్మాయితో, “నువ్వు వేరే చోట ఎక్కడైనా పనిలో చేరితే కబురు చెయ్యి తల్లీ. తీసుకొస్తాను,” అంది.

“ఇంటికేనా?” అంది కూతురు.

“షాపుకి,” అన్నారు మాస్టారు. “ఇవాళ నెలాఖరు.”

షాపులో బావమరిది బల్ల మీద మోచేతులు ఆనించి ఫోన్ చూస్తున్నాడు. యజమాని తలెత్తాడు. ముందు నీడ గుమ్మం దగ్గరికి వచ్చింది.

“వచ్చిందండీ,” అన్నాడు యజమాని విసుగ్గా. “అమ్మా నీడమ్మా, నీకు నేను...”

నీడ గుమ్మానికి అడ్డంగా పడుకుంది. మాస్టారు దాన్ని దాటి లోపలికి వచ్చారు.

మాస్టారు బావమరిది మోచేతుల కింద నుంచి బట్ట లాక్కున్నారు. సుద్ద తీసుకున్నారు. చెయ్యి వణికింది. గీత మొదట్లో చిన్న అల వచ్చింది, తర్వాత తిన్నగా పోయింది. కత్తెర కింది రేకు బల్ల మీద ఆనించారు. బల్ల వణకదు కదా. కత్తెర నెమ్మదిగా, ఇదివరకటంత వేగం లేకుండా, గీత మీదే పోయింది.

“నిదానంగా చేస్తాను,” అన్నారు.

యజమాని తెగిన ముక్క ఎత్తి చూశాడు. తిప్పి చూశాడు. ఏ చెయ్యిదో ఆ చెయ్యికే ఉంది.

“నిదానంగానే కానివ్వండి మాస్టారూ,” అన్నాడు. ఆమెకి కుర్చీ తనే లాగి వేశాడు. ఆమె కూర్చోలేదు.

కూతురు అట్నుంచి అటే ఆఫీసుకి వెళ్లింది, దారిలో కొత్త చెప్పులు కొనుక్కుని. ఆమె కాజాల మూట తీసుకుని ఇంటికొచ్చింది. ఒడిలో పెట్టుకుంది కానీ, చాలాసేపు సూదిలో దారం ఎక్కలేదు.

మిషను పనిచేసినట్టేనా అని మధ్యలో ఒకసారి అనుకుంది. నీడకి ఆగడం నేర్పింది ఆ టక్ టక్కులేనేమో. అయి ఉండొచ్చు. ఆ మాట ఆ కోటుతో మాత్రం చచ్చినా అనదు.

చీకటి పడేవేళకి గుమ్మంలో నిలబడింది. వీధిలో దీపాలు వెలిగాయి.

కూతురు వచ్చింది. కొత్త చెప్పులు కరిచాయని తిట్టుకుంటూ లోపలికెళ్లింది.

మాస్టారు వచ్చారు. జేబు నిండా సుద్దపొడి. గుమ్మం ముందు ఆగారు, కిందికి చూశారు, దాటారు.

ఆమె తలుపు వెయ్యలేదు. గడప మీదికి వంగింది. నీడ కాళ్ల మీద టైరు అచ్చు అలాగే ఉంది. తడిగుడ్డ తెచ్చి తుడిచింది. కొంచెం పోయింది, కొంచెం ఉండిపోయింది.

“లే. లోపలికి రా,” అంది.

అది లేచి వచ్చింది. కొంచెం కుంటుతోంది.

కూతురు. ఆయన. నీడ.

తలుపు వేసింది.